తెరచాప ఓడల కాలంలో మన తూర్పు తీరం: ఓడ ప్రమాదాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కోరంగి, బందరు, విశాఖ, మద్రాసు రేవుల పాత సంగతులు ఎక్కడ మాట్లాడుకున్నా ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. ఓడ బయలుదేరక ముందు విషయాలతో మొదలై, ఈరోజు సముద్రం అడుగున మిగిలినదాని దాకా వరుసగా ఉన్నాయి. అయినా ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే విడిగా చదువుకోవచ్చు.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ తీరంలో పోయిన ఓడలన్నిటినీ విధి ఖాతాలో రాసేయడానికి నాకు మనసొప్పదు. ఏ నెలలో సముద్రం ఎలా ఉంటుందో మన రేవుల్లో అందరికీ తెలుసు. తెలిసి కూడా ఆగిపోయినవాళ్ళు, తెలిసి కూడా బయలుదేరినవాళ్ళు ఈ కథల్లో చాలామంది కనిపిస్తారు.

## ఓడ బయలుదేరక ముందు

తెరచాప ఓడల కాలం అంటే ఎప్పటి నుంచి ఎప్పటి దాకా?

చరిత్రకారులు సాధారణంగా 16వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం మధ్య వరకు లెక్కపెడతారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక దూర ప్రయాణాలు వేగంగా ఆవిరి ఓడల చేతికి పోయాయి. మన తీరానికి ఈ లెక్క ఇరుకు. రెండో శతాబ్దపు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీదే రెండు కొయ్యల (తెరచాపలు కట్టే స్తంభాల) ఓడ బొమ్మ ఉంది. ఇటు చివర చూస్తే, ఉప్పూ ధాన్యమూ మోసే ధోనీలు 20వ శతాబ్దంలో కూడా తెరచాపల మీదే నడిచాయి. ఇక్కడి జవాబులు ఎక్కువగా 1740 నుంచి 1864 మధ్య కాలానివి.

మన తీరమే ఎందుకంత ప్రమాదకరం? పడమటి తీరంలో ఇంత భయం లేదంటారు కదా?

మొదటి కారణం, తలదాచుకునే చోటు లేకపోవడం. బొంబాయిలో ఓడ భూమి చాటుకు వెళ్ళి నిలబడగలదు. కోరమండల్ తీరం దాదాపు తిన్నగా ఉంటుంది. కోరంగి, కాకినాడ అఖాతం దగ్గర కొంత చాటు దొరికేది కానీ, మిగతా చోట్ల ఓడలు ఒడ్డుకు మైలు, రెండు మైళ్ళ దూరంలో బయట సముద్రంలోనే లంగరు వేసేవి. మద్రాసులో కృత్రిమ రేవు పని మొదలైంది 1870ల్లో. 1881 నవంబరు తుఫాను దాన్ని కూడా విరగ్గొట్టింది. విశాఖ లోపలి రేవు తెరుచుకున్నది 1933లో. అంటే తెరచాప ఓడలు తిరిగిన కాలమంతా ఈ తీరం ఓడలను ఆరుబయటే నిలబెట్టింది.

రెండోది గాలి. ఈశాన్య రుతుపవనం సముద్రం మీది నుంచి తీరం వైపు వీస్తుంది. అడ్డ తెరచాపల పెద్ద ఓడ గాలికి ఎదురుగా నడవలేదు. గాలి వచ్చే దిక్కుకు సుమారు 65, 70 డిగ్రీలు పక్కకు మాత్రమే పోగలదు, అది కూడా జారిపోతూ. గాలి గట్టిగా తీరం వైపు తోస్తుంటే, ఎంత నేర్పున్న కెప్టెన్‌కైనా ఓడ అంగుళం అంగుళం ఒడ్డుకు జరుగుతూనే ఉంటుంది.

మూడోది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో పుట్టే తుఫాన్లు. నాలుగోది గోదావరి, కృష్ణా మూతుల దగ్గర ఏటేటా చోటు మార్చే ఇసుక మేటలు. ఈ నాలుగూ ఒకచోట కలవడమే మన తీరం కష్టం.

తుఫాన్లు ఏ నెలల్లో వస్తాయో వాళ్ళకు తెలియదా?

బాగా తెలుసు. మద్రాసు కోటలో అక్టోబరు మధ్యలో జెండా కొయ్య దించేసేవారు. డిసెంబరు మధ్య దాకా మళ్ళీ ఎత్తేవారు కాదు. రేవు ముందు ఓడలు ఆగవద్దని దాని అర్థం. యుద్ధనౌకలు ఆ నెలల్లో బొంబాయికో, సింహళంలోని త్రిన్‌కోమలీకో వెళ్ళిపోయేవి. మన కళాసీలకు (ఓడ పనివాళ్ళకు), వాళ్ళ పెద్దలైన సరంగులకు ఇది తాతల నాటి నుంచి వచ్చిన జ్ఞానం.

అయినా ఓడలు పోయాయంటే, ముట్టడి మధ్యలో వదిలి వెళ్ళలేకపోవడం, సరుకు ఇంకా నిండకపోవడం, ఐరోపాకు పోయే కాలం దాటిపోతుందన్న తొందర వంటివి కారణాలు. జెండా దించిన విషయం తెలియకపోవడం మాత్రం కాదు.

ఓడ మునిగితే డబ్బు పెట్టిన వర్తకుడు దివాలా తీసేవాడా?

తెలివైనవాడు ఒక్క ఓడలో మొత్తం పెట్టేవాడు కాదు. నాలుగు ఓడల్లో కొంచెం కొంచెం పంచేవాడు. మద్రాసు వర్తకుల్లో ఒక రకం అప్పు బాగా వాడుకలో ఉండేది: ఓడ క్షేమంగా చేరితేనే అసలూ వడ్డీ తీర్చాలి, మునిగితే అప్పు కూడా మునిగినట్టే. ఆ నష్టం అప్పిచ్చినవాడు భరిస్తాడు కాబట్టి వడ్డీ చాలా ఎక్కువ. లండన్‌లో లాయిడ్స్ వంటి చోట బీమా కూడా దొరికేది.

ఈ ఏర్పాట్లన్నీ సరుకుకు, ఓడకు. కళాసీ పోతే అతని ఇంటికి వచ్చే ఆదాయం కూడా అక్కడితో ఆగిపోయేది.

కోరంగిలో కట్టిన ఓడలు నాసిరకమా?

కాదు. కోరంగి ఆ రోజుల్లో తూర్పు తీరంలో పేరున్న ఓడల నిర్మాణ కేంద్రం. గోదావరి మీదుగా తేలుతూ వచ్చే టేకు అక్కడికి అందేది. టేకు ఉప్పునీటిలో ఓక్ చెక్క కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది, ఇనుప మేకుల్ని అంతగా తినదు. యూరప్ ఓడలు కూడా మరమ్మతుకు కోరంగి వచ్చేవి. ఓడ ఎక్కడ కట్టారన్నదాని కంటే అడుగును ఎన్నాళ్ళకోసారి బాగుచేశారు, ఎంత బరువు ఎక్కించారు అన్నవే దాని ఆయుష్షును నిర్ణయించేవి.

## తీరం దగ్గర

రేవుకు చేరాక కూడా మనుషులు మునిగేవారట, నిజమేనా?

నిజమే. మద్రాసు, విశాఖ, భీమునిపట్నం లాంటి చోట్ల పెద్ద ఓడకూ ఒడ్డుకూ మధ్య అలలు వరసలు వరసలుగా విరుగుతాయి. ఓడ సొంత పడవ అక్కడ బోల్తా పడుతుంది, లేదా నేలకు తగిలి పగులుతుంది. అందుకే మసులా పడవలు వాడేవారు. వాటికి మేకులు ఉండవు. పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు కాబట్టి, అల కొట్టినప్పుడు పడవ ఒళ్ళంతా వంగి దెబ్బను తట్టుకునేది. పక్కనే తెప్పల మీద ఈతగాళ్ళు వెంట వచ్చేవారు. ఎవరైనా పడిపోతే దూకి పట్టుకోవడం వాళ్ళ పని. అలలు మరీ ఎత్తుగా ఉన్న రోజు పడవలు కూడా ఆగిపోతే, ఉత్తరాలను నీరు చొరని టోపీలో పెట్టుకుని తెప్ప మీద ఓడ దాకా వెళ్ళివచ్చింది మన బెస్తవాళ్ళే.

ఆరు నెలలు సముద్రం దాటి వచ్చినవాళ్ళు ఆఖరి అర మైలులో ప్రాణం పోగొట్టుకున్న ఘటనలు ఉన్నాయి. ఆ అర మైలులో బతికించిన పడవవాళ్ళ పేర్లు ఎవరూ రాసుకోలేదు. నాకు ఈ విషయంలో అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

తీరం కళ్ళముందు కనిపిస్తుంటే ఓడ ఇసుకలో ఎలా ఇరుక్కుంటుంది?

గోదావరి, కృష్ణా డెల్టాల దగ్గర చిక్కేమిటంటే తీరం కనిపించదు. భూమి నీటి మట్టానికి కొద్ది అడుగుల ఎత్తే. కొండ లేదు, గుట్ట లేదు. తాటిచెట్ల తలలు కంటపడే సరికే ఓడ మేటల మీదకు వచ్చేసి ఉంటుంది. దివి సీమ దగ్గర నావికులు పటంలో ఒక కొనకు 'ఫాల్స్ దివి' అని పేరు పెట్టారు, దివి మొన అనుకుని మోసపోయేవాళ్ళు ఉండబట్టి. విశాఖ వైపు కథ వేరు. అక్కడ డాల్ఫిన్స్ నోస్ కొండ చాలా దూరం నుంచే దారి చూపుతుంది.

డెల్టా దగ్గర నమ్మదగిన సాధనం ఒక్కటే: సీసపు గుండు కట్టిన తాడు వదిలి ఎన్ని బారల లోతుందో కొలవడం. గుండు అడుగున కొవ్వు పూసేవారు. దానికి అంటుకుని వచ్చింది ఇసుకా, బురదా, గవ్వ ముక్కలా అని చూసి అనుభవమున్న మాలుమి (ఓడకు దారి చూపేవాడు) ఓడ ఎక్కడుందో చెప్పగలిగేవాడు. రాత్రిపూట ఈ కొలత మానేసిన ఓడే సాధారణంగా మేట ఎక్కేది.

రేఖాంశం కనుక్కోవడం రాకపోవడం వల్లే ఓడలు మునిగాయని చదివాను. మన దగ్గర కూడానా?

దూర ప్రయాణాల్లో అది పెద్ద కారణమే. 1707లో ఇంగ్లండ్ దగ్గర సిల్లీ దీవుల రాళ్ళకు కొట్టుకుని నాలుగు యుద్ధనౌకలు ఒకే రాత్రి పోయాయి. చనిపోయినవారు 1,400కు తక్కువ కాదు. తాము ఎక్కడున్నామో తప్పుగా లెక్కగట్టడం అందులో ముఖ్య భాగం. ఇంగ్లండ్‌లో గడియారాలు చేసే హారిసన్ 1759లో పూర్తిచేసిన గడియారం ఆ సమస్యకు దారి చూపింది కానీ, అలాంటి గడియారాలు మామూలు ఓడలకు అందడానికి దశాబ్దాలు పట్టింది. 1792లో మద్రాసులో నక్షత్రశాల కట్టడానికి ఉన్న కారణాల్లో ఓడల నడక ఒకటి.

మన తీరం వెంబడి తిరిగే ఓడలకు మాత్రం రేఖాంశం కంటే లోతు, ప్రవాహం తెలియడమే ప్రాణం. మద్రాసు, కోరంగి మధ్య తిరిగే ధోనీ సరంగు దగ్గర గడియారమూ లేదు, దాని అవసరమూ పెద్దగా రాలేదు.

దీపస్తంభాలు లేవా?

చాలా ఆలస్యంగా వచ్చాయి. మద్రాసు కోటలో 1796లో దీపం పెట్టారు. భీమునిపట్నానికి ఉత్తరాన శాంతపల్లి రాళ్ళ నుంచి ఓడలను తప్పించే దీపం 19వ శతాబ్దం మధ్యలో వెలిగింది. అంతకు ముందు ఒడ్డున వేసే మంటలు, పగలైతే గుడి గోపురాలు, కొండలు, తాటితోపులే గుర్తులు.

## తుఫాను వచ్చిన రోజు

తుఫాను వస్తుందని తెలిస్తే రేవులోనే ఉండాలా, నడిసముద్రంలోకి పోవాలా?

ఈ తీరంలో జవాబు ఒకటే: లంగరు తాడు కోసేసి లోతు నీళ్ళలోకి పోవాలి. వినడానికి తలకిందులుగా అనిపిస్తుంది, ఎందుకంటే మనకు ఒడ్డు అంటే భద్రత. తెరచాప ఓడకు తుఫానులో ఒడ్డే శత్రువు. గాలి తోసే వైపుకు జారిపోవడానికి ఖాళీ ఉన్నంతసేపూ ఓడ బతుకుతుంది. ఆలస్యమైతే గాలి తీరం వైపు తిరుగుతుంది, అప్పుడు తాడు కోసినా లాభం లేదు.

1746 చూడండి. ఫ్రెంచి సేనాని లాబూర్దొనే సెప్టెంబరులో మద్రాసు పట్టుకున్నాడు. కోటను డబ్బు తీసుకుని ఇంగ్లీషువాళ్ళకు తిరిగి ఇచ్చేయాలా వద్దా అన్నదాని మీద పాండిచ్చేరిలోని ఫ్రెంచి గవర్నరు డూప్లేతో తగవు పడి, అక్టోబరు మధ్యదాకా నౌకలతో అక్కడే ఉండిపోయాడు. అక్టోబరు 13 రాత్రి తుఫాను విరుచుకుపడింది. నౌకలు తాళ్ళు తెంపుకుని బయటకు పోయినా కొన్ని మునిగాయి, తక్కినవాటికి కొయ్యలు విరిగి యుద్ధానికి పనికిరాకుండా పోయాయి. చనిపోయినవారు సుమారు 1,200 మంది అంటారు. (ఇంగ్లీషు కాగితాల్లో ఇది అక్టోబరు 2 అని ఉంటుంది. వాళ్ళ క్యాలెండరు అప్పటికి 11 రోజులు వెనక ఉండేది. రెండు వేర్వేరు తుఫాన్లని పొరబడకండి.)

1761 జనవరి 1న పాండిచ్చేరి ముందు ఇదే మళ్ళీ జరిగింది. ఈసారి ముట్టడి వేసింది ఇంగ్లీషువాళ్ళు. గాలి పెరుగుతుంటే అడ్మిరల్ స్టీవెన్స్ నార్‌ఫోక్ అనే తన నౌక తాడు కోయించి సముద్రంలోకి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళను కూడా రమ్మని ఇచ్చిన సంకేతం ఆ హోరులో చాలామందికి అందలేదు. ఆజ్ఞ లేకుండా కదలకూడదన్న క్రమశిక్షణతో వాళ్ళు లంగరు మీదే ఉండిపోయారు. సండర్‌లాండ్, డక్ డాకిటేన్ అనే నౌకలు దాదాపు మనుషులందరితో సహా మునిగాయి. ఆ రాత్రి పోయినవారు 1,100 దాకా ఉంటారు. న్యూకాజిల్, క్వీన్‌బరో, ప్రొటెక్టర్ ఒడ్డుకు కొట్టుకుపోయి ముక్కలయ్యాయి కానీ, వాటిలోవాళ్ళు చాలామంది బతికారు. నార్‌ఫోక్ కొద్ది రోజుల్లో క్షేమంగా తిరిగొచ్చింది. జనవరి మధ్యలో పాండిచ్చేరి లొంగిపోయింది కూడా.

ఒకే గాలిలో తాడు కోసిన ఓడ తిరిగొచ్చి, ఆగిన ఓడలు పోవడం ఇంత స్పష్టంగా కనిపించే సందర్భం మరొకటి నేను చదవలేదు.

తెరచాపలన్నీ దించేస్తే సరిపోదా?

సరిపోదు. తెరచాప అసలు లేకపోతే చుక్కాని పనిచేయదు, ఓడ అలలకు అడ్డంగా తిరిగిపోతుంది. చిన్న తెరచాప ఒకటి ఉంచి, ఓడ ముక్కును అలకు కొంచెం వాలుగా నిలబెట్టేవారు. దించినా కొయ్యలూ తాళ్ళూ గాలిని పట్టుకుంటూనే ఉంటాయి. ఆఖరి ఉపాయం కొయ్యలను గొడ్డళ్ళతో నరికి సముద్రంలో పడేయడం. అప్పుడు ఓడ తేలికపడుతుంది కానీ, తర్వాత ఎటు పోవాలన్నా దిక్కుండదు.

1789 కోరంగి ఉప్పెనలో ఓడలకు ఏమైంది?

1789 డిసెంబరులో, సముద్రం పోటు మీద ఉన్న సమయంలో మూడు పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయని చూసినవాళ్ళ మాటలను బట్టి రాసిన వర్ణన ఉంది. మొదటిది ఊళ్ళోకి కొన్ని అడుగుల నీరు తెచ్చింది. రెండోది చుట్టుపక్కల పల్లపు భూములను ముంచింది. మూడోది మిగిలినదంతా తుడిచిపెట్టింది. నది మూతి దగ్గర లంగరు వేసి ఉన్న ఓడలు యానాం చుట్టూ ఉన్న పొలాల్లోకి కొట్టుకుపోయాయి. చనిపోయినవారు 20,000 మంది అని చెబుతారు.

నీరు వెనక్కి పోయాక మిగిలింది ఇసుక, బురద. శవాలను గానీ సొత్తును గానీ వెతకడానికి వీల్లేనంతగా అది పేరుకుంది. అదే మేట నది మూతిని పెద్ద ఓడలకు మూసేసింది. కోరంగి క్షీణించడానికి మనుషుల నష్టం ఎంత కారణమో ఈ మేట కూడా అంతే కారణం. అయినా ఊరు మళ్ళీ లేచింది, ఓడలు మళ్ళీ కట్టింది. బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళందరినీ అక్కడివాళ్ళు 'కోరంగీలు' అని పిలిచారంటే, ఆ రేవు నుంచి ఎంతమంది ఓడ ఎక్కి ఉంటారో ఊహించండి.

1839లో కోరంగిలో 20 వేల ఓడలు ధ్వంసమై 3 లక్షల మంది చనిపోయారని ప్రతిచోటా ఉంది. నిజమేనా?

1839 నవంబరు 25 నాటి తుఫాను వల్ల కోరంగి మళ్ళీ దెబ్బతిన్న మాట వాస్తవం. ఆ అంకెలను మాత్రం నేను నమ్మను. మొదటి సందేహం: సరిగ్గా ఇవే రెండు అంకెలు, 3 లక్షల మంది, 20 వేల ఓడలు, 1737 నాటి హుగ్లీ తుఫానుకు కూడా చెబుతారు. వందేళ్ళ తేడాతో రెండు చోట్ల ఒకే జంట అంకెలు రావడం సహజం కాదు. 1737 అంకెలే అతిశయమని చరిత్రకారులు తేల్చారు. అప్పటి కలకత్తా జనాభాయే అంత లేదు.

రెండో సందేహం మామూలు లెక్క. మూతి పూడిపోతున్న ఒక నదీ రేవులో 20 వేల ఓడలు ఎక్కడ నిలబడతాయి? చిన్న పడవలన్నీ కలిపినా కుదరదు. నిజమైన నష్టమే చాలా పెద్దది. దానికి లేని సున్నాలు తగిలిస్తే పోయినవాళ్ళకు గౌరవం పెరగదు.

1864 బందరు ఉప్పెన కూడా ఓడల ప్రమాదమేనా?

ప్రధానంగా భూమి మీద ప్రమాదం. 1864 నవంబరు 1 రాత్రి సుమారు 13 అడుగుల ఎత్తున సముద్రం బందరు మీదకు వచ్చింది. 30,000 మంది దాకా చనిపోయారు. రేవులోని పడవలు, ఉప్పు కొఠార్లు, పట్నంలో సగం కొట్టుకుపోయాయి. 17వ శతాబ్దంలో డచ్చివారు, ఇంగ్లీషువారు పోటీపడి వర్తకశాలలు పెట్టుకున్న బందరు అప్పటికే వెనకబడి ఉంది. ఈ దెబ్బ తర్వాత ఓడరేవుగా తేరుకోలేదు. దానికి నెల ముందు, అక్టోబరు 5న, కలకత్తాలో మరో తుఫాను రేవులోని ఓడల్లో ఎక్కువ భాగాన్ని దెబ్బతీసింది.

మన తెలుగు రేవుల్లో యుద్ధం వల్ల మునిగిన తెరచాప ఓడ ఏదైనా ఉందా?

ఉంది, విశాఖలో. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి అడ్మిరల్ లినువా మూడు నౌకలతో, ఇంగ్లీషు జెండా ఎగరేసుకుని మోసంతో రేవు ముందుకు వచ్చాడు. అక్కడ సెంచూరియన్ అనే 50 ఫిరంగుల యుద్ధనౌక, దాని రక్షణలో బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్ అనే రెండు వర్తక ఓడలు సరుకు ఎక్కించుకుంటున్నాయి. సెంచూరియన్ కెప్టెన్ ఒడ్డున ఉన్నాడు. కింది అధికారి ఫిలిప్స్ పోరాటం నడిపాడు. బార్నబీ తాడు కోసుకుని ఒడ్డుకు తోలుకోగా అలల్లో ముక్కలైంది. షార్లెట్ లొంగిపోయింది. సెంచూరియన్ లోతు తక్కువ నీటిలోకి జరిగి, ఒడ్డు మీది ఫిరంగుల సాయంతో నిలబడింది. లినువా చివరికి వెళ్ళిపోయాడు. విశాఖ తీరంలో నడిచేటప్పుడు ఈ సంగతి గుర్తున్నవాళ్ళు చాలా తక్కువ.

## నడిసముద్రంలో

జాడే లేకుండా పోయిన ఓడలు ఉన్నాయా?

చాలా. మద్రాసు నుంచి బయలుదేరినవాటిలో నన్ను ఎక్కువగా కలచివేసేది బ్లెన్‌హైమ్. 1761లో నీట దించిన నౌక, 1807 నాటికి ముసలిది. మలక్కా జలసంధిలో నేలకు తగిలి నడుము వంగింది. రేవులో లంగరు మీద ఉన్నప్పుడు కూడా నీరు తోడుతూనే ఉండాల్సి వచ్చేది. సముద్ర ప్రయాణానికి పనికిరాదని కెప్టెన్ బిసెల్ చెప్పాడు. అడ్మిరల్ ట్రూబ్రిడ్జ్ వినలేదు. అతను ఎన్నో యుద్ధాలు గెలిచినవాడు, తన నేర్పు మీద నమ్మకం ఎక్కువ. 1807 జనవరి 12న జావా, హారియర్ అనే మరో రెండు నౌకలతో మద్రాసు నుంచి గుడ్‌హోప్ అగ్రం వైపు బయలుదేరాడు. ఫిబ్రవరి 1న తుఫాను పట్టుకుంది. బ్లెన్‌హైమ్, జావా రెండూ ఆపద సంకేతాలు ఎగరేయడం హారియర్‌లోవాళ్ళు చూశారు. ఆ తర్వాత వాటిని ఎవరూ చూడలేదు. రెండింటిలో కలిపి ఎనిమిది వందల మందికి పైగా ఉన్నారు. ట్రూబ్రిడ్జ్ కొడుకు, అతనూ నౌకాధికారే, తండ్రి కోసం హిందూ మహాసముద్రమంతా గాలించి వట్టి చేతులతో తిరిగొచ్చాడు.

ఓడవాళ్ళకు ఈత రాదా? ప్రాణరక్షక పడవలు ఉండేవి కాదా?

యూరప్ నావికుల్లో చాలామందికి ఈత రాదు. మన తీరపు కళాసీలకు వచ్చు కానీ, తుఫానులో మైళ్ళ దూరం ఈదడం ఎవరివల్లా కాదు. ఓడ మీది పడవలు సరుకు, నీరు, లంగరు మోయడానికి ఉన్నవే. అందరికీ సరిపడా పడవలు ఉండాలన్న నియమం ఆ రోజుల్లో ఎక్కడా లేదు. బతికినవాళ్ళు ఎక్కువగా విరిగిన కొయ్యనో, కోళ్ళ గూడునో, పీపానో పట్టుకుని తేలినవాళ్ళే.

మునగడం కంటే రోగాలతోనే ఎక్కువమంది చనిపోయారా?

అవును, చాలా ఎక్కువ. 1756 నుంచి 1763 దాకా జరిగిన యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళం రోగాల వల్ల, పారిపోవడం వల్ల పోగొట్టుకున్నది 1.33 లక్షల మందిని. యుద్ధంలో చనిపోయింది 1,512 మంది. పళ్ళు, ఆకుకూరలు లేక వచ్చే స్కర్వీ, జ్వరాలు, నీళ్ళ విరేచనాలు ప్రధాన కారణాలు.

## ప్రమాదం తర్వాత

ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకు ఎవరికి చెందేది?

చాలా రాజ్యాల్లో ఆ తీరాన్ని ఏలే రాజుకు. మునిగిన ఓడ దేవుడిచ్చిన సొత్తు అన్న భావన లోకమంతా ఉండేది. సముద్రం వదిలిపెట్టింది రాజు లాక్కునేవాడు.

దీన్ని మార్చిన తొలి శాసనాల్లో ఒకటి మన నేల మీదిదే. చినగంజాం దగ్గరి మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం చదవండి. పూర్వపు రాజులు తుఫానుకు చిక్కి విరిగి ఒడ్డున పడ్డ ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా తీసుకునేవారని అందులో దాచకుండా రాయించాడు. ప్రాణం కంటే ధనమే గొప్పదనుకుని ఇంత సాహసం చేసి సముద్రం దాటి వచ్చేవారి మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వారికే వదిలేస్తున్నామని ప్రకటించాడు. ఆ సుంకం ముప్పైకి ఒకటి.

ఇది దయ మాత్రమే అనుకోను. ఓడ విరిగినా సొత్తు మిగులుతుందని తెలిస్తేనే దూరపు వర్తకులు మోటుపల్లికి వస్తారు. దయా లాభమూ ఒకే రాతి మీద కలిసి ఉండటం ఆ శాసనంలోని తెలివి. 1358లో అనపోతారెడ్డి కూడా అదే మోటుపల్లిలో వర్తకులకు రక్షణ ఇస్తూ మరో శాసనం వేయించాడు.

ఓడ పోయిందని ఇంట్లోవాళ్ళకు ఎప్పుడు తెలిసేది?

మద్రాసు నుంచి ఇంగ్లండ్‌కు ఉత్తరం చేరడానికే అయిదారు నెలలు పట్టేది. తిరిగి జవాబుకు మరో అయిదారు. ఓడ జాడ తెలియకపోతే ఏడాదికి పైగా ఎదురుచూసి, అప్పుడు పోయినట్టు రాసుకునేవారు. అధికారుల పేర్లు పత్రికల్లో పడేవి. కళాసీలకు 'ఇంతమంది లాస్కర్లు' అన్న అంకె మాత్రమే, కొన్నిసార్లు అది కూడా ఉండదు. సరంగు తన ఊరినుంచే మనుషుల్ని కుదిర్చేవాడు కాబట్టి, ఒక ఓడ పోతే ఒకే పేటలో పది ఇళ్ళు ఒకేసారి వార్త కోసం ఎదురుచూసేవి.

తుఫాను హెచ్చరికలు ఎప్పుడు మొదలయ్యాయి?

తుఫాను గాలి సుడి తిరుగుతుందన్న జ్ఞానాన్ని బంగాళాఖాతపు నావికులకు అర్థమయ్యేలా చెప్పింది కలకత్తాలోని హెన్రీ పిడింగ్టన్. ఓడల దినచర్య పుస్తకాలు వందలకొద్దీ పోగుచేసి, ఏ గంటకు ఏ ఓడకు ఏ దిక్కు గాలి వచ్చిందో పోల్చి చూశాడు. 1848లో వేసిన పుస్తకంతో పాటు, గాలి బాణాలు గీసిన పారదర్శకమైన కొమ్ము రేకులు ఇచ్చాడు. వాటిని పటం మీద పెట్టి కెప్టెన్ తుఫాను కేంద్రం ఎటుందో తెలుసుకోవచ్చు. మన వైపు సముద్రంలో సూత్రం సులువు: గాలికి ఎదురుగా నిలబడితే కేంద్రం మీ కుడి చేతి వైపు, కాస్త వెనగ్గా ఉంటుంది.

కలకత్తాకు దక్షిణాన మాత్లా నది మీద కొత్త రేవు కడితే ఉప్పెనకు పోతుందని 1853లో ప్రభుత్వానికి రాశాడు. వినలేదు. పోర్ట్ కానింగ్ కట్టారు, 1867లో తుఫాను దాన్ని నాశనం చేసింది. 1864లో కలకత్తా, బందరు రెండూ నాశనమయ్యాక గానీ అధికారులు కదల్లేదు. 1865లో కలకత్తా రేవుకు హెచ్చరికల ఏర్పాటు, 1875లో భారత వాతావరణ శాఖ వచ్చాయి.

## ఇప్పుడు

ఆ ఓడలు ఇంకా సముద్రం అడుగున ఉన్నాయా?

చెక్క చాలావరకు ఉండదు. వెచ్చని ఉప్పునీటిలో ఓడపురుగు కొద్ది ఏళ్ళలోనే కలపను జల్లెడ చేస్తుంది. స్వీడన్ ఓడ వాసా 1628లో మునిగి 1961లో దాదాపు పూర్తిగా పైకి వచ్చిందంటే, బాల్టిక్ సముద్రంలో ఉప్పు తక్కువ, ఆ పురుగు లేదు. మన దగ్గర మిగిలేవి లంగర్లు, ఫిరంగులు, ఇనుప గుండ్లు, పింగాణీ, రాగి రేకులు. ఒండ్రులో లోతుగా కూరుకుపోయిన అడుగు భాగం మాత్రం నిలిచే అవకాశం ఉంది. గోదావరి మూతి దగ్గర తీరమే ముందుకు జరిగింది కాబట్టి, ఒకప్పుడు ఓడలు లంగరు వేసిన చోట్లు ఈరోజు మడ అడవి కిందో, నేల కిందో ఉన్నాయి.

వలలో పాత లంగరు గానీ ఫిరంగి గుండు గానీ పడితే ఏం చేయాలి?

ఎక్కడ దొరికిందో జీపీఎస్‌లో వెంటనే గుర్తు పెట్టుకోండి. వస్తువు కంటే ఆ చోటు విలువైనది. ఫోటో తీయండి. గీకడం, సుత్తితో కొట్టి తుప్పు రాల్చడం వద్దు. శతాబ్దాలు నీటిలో ఉన్న ఇనుము ఆరితే పొరలు పొరలుగా విడిపోతుంది. వీలైతే ఉప్పునీటిలోనే ఉంచండి. గుండు బోలుగా ఉన్నట్టనిపిస్తే ముట్టుకోకుండా మెరైన్ పోలీసులకు చెప్పండి, లోపల మందు ఉండవచ్చు. వందేళ్ళు దాటిన వస్తువులు చట్టం ప్రకారం పురావస్తువులు, అమ్ముకోకూడదు. మత్స్యశాఖ అధికారికో, పురావస్తు శాఖకో తెలియజేయండి.

మా ముత్తాత ఓడలో పోయాడని ఇంట్లో చెబుతారు. ఎక్కడ వెతకాలి?

ముందు ఇంట్లోనే. ఏ రేవు, ఏ సరంగు, ఎటు వెళ్ళే ఓడ, ఏ పండగకు అటూ ఇటూ అన్నవి పెద్దవాళ్ళను అడిగి రాసుకోండి. 'దీపావళి వెళ్ళాక తుఫాను' అన్న మాట ఒక్కటి చాలు, ఏ ఏడాది తుఫానో వెతకడానికి దారి దొరుకుతుంది. తర్వాత చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు చూడండి; కోరంగి, బందరు, విశాఖ కలెక్టర్ల ఉత్తరాలు అక్కడ ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీ ఓడల దినచర్య పుస్తకాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. గోదావరి, కృష్ణా జిల్లాల పాత మాన్యువళ్ళలో తుఫాన్ల వివరాలు దొరుకుతాయి.

మనిషి పేరుతో వెతికితే చాలాసార్లు ఏమీ రాదు. ఓడ పేరు, కెప్టెన్ పేరు, బయలుదేరిన నెల పట్టుకుని వెతకండి.